దవాఖానలో సముద్రపు పాచి

బాన్సువాడ బస్టాండు నుంచి బోధన్ రోడ్డు మీద కొంచెం దూరం నడిచి, రైస్ మిల్లు దాటితే ఎడమచేతి వైపు ఒక పెంకుటింటి దవాఖాన ఉండేది. అందులో కంపౌండరు వెంకట్రాములు. 1969లో, పంతొమ్మిదేళ్ల వయసులో, అప్పటి ముసలి డాక్టరు దగ్గర సీసాలు కడగడానికి చేరాడు. మూడేళ్లు తిరిగేసరికి మిక్చర్ కలపడం, పుండుకు కట్టు కట్టడం, సూది వేయడం నేర్చుకున్నాడు. పదేళ్లకు కోటగిరి నుంచి పెద్ద కొడప్‌గల్ దాకా ఊళ్లవాళ్లు ఆయన్ని 'చిన్న డాక్టర్' అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా వద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు గానీ, ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

ముసలి డాక్టరు పోయాక, 1980లో ఆయన తమ్ముడి కొడుకు మురహరి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మురహరి నౌకాదళంలో పదిహేనేళ్లు డాక్టరుగా చేసి వచ్చినవాడు. వరి, చెరకు, నిజాంసాగర్ కాలువ తప్ప ఇంకొకటి ఎరగని చోట పుట్టి, వయసులో మంచి భాగమంతా సముద్రం పక్కన గడిపాడు. తిరిగొచ్చాక ఆయనకు ఒక్కటే వెలితి. రోగులు లేనప్పుడు కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ, "ఇక్కడ నీళ్లకు చప్పుడే ఉండదు వెంకట్రాములూ," అనేవాడు.

1982లో దీపావళి దాటాక ఆ వెలితి తీర్చుకునే పని పెట్టుకున్నాడు. హైదరాబాదులో మందపాటి గాజుతో నాలుగడుగుల తొట్టి చేయించాడు. బొంబాయిలో ఉన్న స్నేహితుడు పదిహేను ప్లాస్టిక్ డబ్బాల్లో సముద్రపు నీళ్లు నింపి, రైల్లో నిజామాబాదుకు పంపాడు. వాటి వెనకే తడి గోనెసంచుల్లో చుట్టిన రాళ్లు వచ్చాయి. గాలి నింపిన సంచుల్లో రెండు చేపలు వచ్చాయి. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు, బొటనవేలంత పొడవు. ఒక రాయికి అతుక్కుని, వేళ్లలాంటి రేకలు ఆడించే జీవి ఒకటి ఉంది. అది పువ్వు కాదు, దానికి నోరుంది అని డాక్టరు చెబితే వెంకట్రాములు నమ్మలేదు. రొయ్య ముక్క అందించి, అది మెల్లగా ముడుచుకుని మింగడం కళ్లారా చూశాక నమ్మాడు.

తొట్టిని రోగులు కూర్చునే వరండా గదిలో పెట్టించి, డాక్టరు అన్నాడు: "ఇది చూసుకునే బాధ్యత నీదే. కొలత తప్పని చెయ్యి ఈ ఊళ్లో నీదొక్కటే."

ఆ మాట వెంకట్రాములు ఎన్నో రోజులు లోపల చప్పరించాడు. పాల చిక్కదనం చూసే గొట్టం లాంటిదే ఒక గాజు గొట్టం డాక్టరు ఇచ్చాడు. పొద్దున్నే దాన్ని తొట్టిలో తేలేసి ఉప్పు ఎంతుందో చూడాలి. ఎండకూ గాలికీ నీళ్లే ఎగిరిపోతాయి, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి తగ్గినంత మంచినీళ్లు పోయాలి. వెంకట్రాములు పెరటి బావి నీళ్లు తోడి, మిక్చర్ గ్లాసుతో కొలిచి మరీ పోసేవాడు. రోగులు జ్వరాలు మరిచిపోయి గాజు ముందు గుమికూడేవాళ్లు. రుద్రూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నీళ్లలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, "నిజంగనే ఉప్పగున్నయిరా," అన్నాడు. వెంకట్రాములు చేతులు కట్టుకుని పక్కన నిలబడి, సముద్రం తానే తవ్వి తెచ్చినట్టు చిన్నగా నవ్వాడు.

మూడో వారంలో రాళ్ల మీద, అడుగున పోసిన తెల్ల ఇసుక మీద గోధుమరంగు దుమ్ము పట్టింది. వెంకట్రాములు బ్రష్షుతో తుడిచాడు. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వచ్చేది. కొత్త తొట్టికి అది మామూలే, దానంతటదే పోతుంది అన్నాడు డాక్టరు. నిజంగానే పోయింది. కానీ దాని చోటులో పచ్చనిది మొదలైంది. ముందు గాజు మీద పలచటి పొర, తర్వాత రాళ్ల మీద వెంట్రుకల్లాంటి పాచి. నెల తిరిగేసరికి రాళ్లకు జుట్టు మొలిచినట్టు కనిపించింది. ఆ పువ్వులాంటి జీవి రేకల మధ్య కూడా పచ్చ దారాలు చిక్కుకున్నాయి.

వెంకట్రాములుకు తెలిసింది వైద్యం. నీరసంగా ఉన్న ప్రాణికి బలం పెట్టాలనుకున్నాడు. చేపలకు వేసే ఎండు రొయ్యల పొడి ఒక చిటికెకు రెండు చిటికెలు చేశాడు. వెలుతురు చాలదేమోనని పడమటి కిటికీ తలుపులు బార్లా తీసిపెట్టాడు. ఎంత శ్రద్ధ పెడితే పాచి అంత ఒత్తుగా పెరిగింది. వరండాలో కూర్చున్న వాళ్లు ఇప్పుడు, "ఏంది, చెరువు లెక్క అయింది," అనుకోవడం వినిపించేది.

ఒక మధ్యాహ్నం డాక్టరు తొట్టి ముందు వంగి, విసుగ్గా తల ఆడిస్తున్నాడు. వెంకట్రాములు చేతిలో బ్రష్షుతో పక్కనే ఉన్నాడు. ఆయా దేవ్లి గది ఊడుస్తూ ఊడుస్తూ ఆగింది. దేవ్లిది బాన్సువాడకు రెండు మైళ్ల దూరంలోని తండా. నలభైకి దగ్గర పడ్డ మనిషి. అంతకు ముందు కోటగిరి కాలువ కింది మడుల్లో ఇరవై ఏళ్లు నాట్లు వేసింది. నడుము పట్టుకుపోవడంతో ఆ పని మానేసి, ఏడాది కిందటే దవాఖానలో చేరింది.

"సారు, ఒకటి చెప్పాల్నా?" అంది.

"చెప్పు," అన్నాడు డాక్టరు అటు చూడకుండానే.

"మేం నాటేసిన మడిల యూరియా, డీఏపీ చల్లినంక నాలుగొద్దులకు నీళ్ల మీద గిట్లనే పచ్చగ తేలుతది. ఎండ తగిలినకాడ ఎక్కువ, నీడకు తక్కువ. ఈన్నేమో చేపలు సగం పొడే తింటున్నయ్. కడమది రాళ్ల సందుల వడుతుంది. అది పాచికి ఎరువు గాదా? మన బాయి నీళ్లు గూడ ఆ మళ్లల్లకెంచి ఊరినయే గద."

డాక్టరు లేచి నిలబడ్డాడు. దేవ్లి వైపు, కిటికీ వైపు, పెరట్లో బావికి ఆనుకుని ఉన్న వరిమడి వైపు వరసగా చూశాడు. తర్వాత నవ్వాడు. "పదిహేనేళ్లు సముద్రం మీద తిరిగినవాడికి తట్టలేదు. ఇంకోసారి చెప్పు దేవ్లీ, మొదటి నుంచి చెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది. వెంకట్రాములు చేతిలోని బ్రష్షు నుంచి నీళ్లు కారి చెప్పుల మీద పడుతున్నాయి. ఆయన చూసుకోలేదు.

మర్నాడు పొద్దున డాక్టరు పిలిచి, మెత్తగానే చెప్పాడు. "వెంకట్రాములూ, నీకు మందుల పనే బోలెడుంది. తొట్టి ఇక దేవ్లి చూసుకుంటుంది. మనం సూదిమందులోకి కాచే ఆవిరి నీళ్లు ఉన్నాయే, అవి రోజూ ఒక జాడీడు ఎక్కువ కాచి ఆమెకు ఇయ్యి. బావి నీళ్లు ఇక వద్దు."

"మంచిది సారు," అన్నాడు వెంకట్రాములు. వెనక గదిలోకి వెళ్లి స్టవ్వు వెలిగించి, ఆవిరి పట్టే గాజు బుడ్డి కింద పెట్టాడు. చుక్క తర్వాత చుక్క సీసాలోకి జారుతుంటే చూస్తూ కూర్చున్నాడు. పదమూడేళ్లుగా ఆ నీళ్లు కాచేది ఆయనే, వాడేది ఆయనే. ఇప్పుడు ఊడ్చే మనిషికి మోసి ఇవ్వాలి.

దేవ్లి పడమటి కిటికీకి పాత దుప్పటి కట్టింది. మేత ఒక పూటకు తగ్గించి, పొడి వేసినప్పుడు చేపలు మింగేదాకా అక్కడే నిలబడేది. చేయి పెట్టేముందు మోచేతి దాకా ఉన్న గాజులు పైకి జరుపుకుని, గుడ్డతో బిగించి కట్టుకునేది. పాచిని గీకకుండా, వేలికి చుట్టుకుని కుదుళ్లతో పీకి మగ్గులో వేసేది. గీకితే ముక్కలు నీళ్లలో కలిసి ఇంకోచోట మొలుస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వరిలో కలుపు తీసిన చేతికి ఆ సంగతి తెలుసు. కరెంటు పోయి, తొట్టి నీళ్లలోకి గాలి ఊదే గొట్టం ఆగితే, మగ్గుతో నీళ్లు ఎత్తి పోస్తూ అరగంట, గంట నిలబడేది. చేపలతో తన తండా మాటల్లో ఏదో చెబుతుండేది. ఆ భాష రాని వెంకట్రాములుకు, ఆ మాటలు తన గురించేనేమో అనిపించేది.

రెండు నెలల్లో పాచి సగానికి తగ్గింది. గాజు తేటపడింది. బస్టాండులో హోటలు నడిపే చందూలాల్ దవాఖానకు వచ్చి, "దేవ్లి సముద్రం చూద్దామని వచ్చిన కంపౌండర్ సాబ్. నాకేం బీమారి లేదు," అన్నాడు. అప్పటి నుంచి అదే పేరు. దేవ్లి సముద్రం. తొట్టి డాక్టరుది, నీళ్లు బొంబాయివి, పోసే ఆవిరి నీళ్లు వెంకట్రాములువి. పేరు మాత్రం ఆమెది.

ఇంట్లో కూడా తప్పించుకునే దారి లేకపోయింది. ఒక సాయంత్రం భార్య భూమవ్వ సర్వపిండి వేస్తూ, "నేను గూడ చూసొచ్చిన. ఎంత సక్కగ చేసింది. ఆమె చెయ్యి మంచిదంటున్నరు అందరు," అంది.

"నా చెయ్యి మంచిది కాదా మరి?"

భూమవ్వ తలెత్తి చూసింది. "నేనేమన్న ఇప్పుడు? నీ మందు నీది, ఆమె పాచి ఆమెది."

ఆయన సగం తిని లేచాడు. తనకు ఏం పోయిందో తనకే సరిగా తెలియలేదు. జీతం తగ్గలేదు. మర్యాద తగ్గలేదు. సూదికి భయపడే వాళ్లు ఇప్పటికీ ఆయన చేతి సూదే కావాలంటారు. కానీ దవాఖానలోకి అడుగుపెట్టిన ప్రతి మనిషి ముందు ఎటు చూస్తాడో గమనించడం ఆయనకు అలవాటైపోయింది. ఇదివరకు మందుల కిటికీ వైపు చూసేవాళ్లు. ఇప్పుడు తొట్టి వైపు చూస్తున్నారు. రోజుకు ఎందరు అటు చూశారో మనసులో లెక్క పెట్టేవాడు. లెక్క పెడుతున్నానని తెలిసి, సిగ్గుపడి, మళ్లీ లెక్క పెట్టేవాడు.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం డాక్టరు భోజనానికి వెళ్లాడు. దేవ్లి కట్టు గుడ్డలు ఉతకడానికి బావి దగ్గరుంది. వెంకట్రాములు తొట్టి పక్క నుంచి పోతుంటే రెండు చేపలూ గాజు దగ్గరికి వచ్చి, ఆయన నడిచిన వైపే ఈదాయి. ఆగితే ఆగాయి. 'నన్ను మరిచిపోలేదు,' అనుకున్నాడు. గూట్లోని డబ్బా తీసి ఒక చిటికె పొడి వేశాడు. చేపలు ఎగబడి తిన్నాయి. మర్నాడు కూడా వేశాడు. ఆ మర్నాడు కొంచెం ఎక్కువ. మొదట్లో అది ముద్దు కోసమే. పది రోజులయ్యాక రాళ్ల సందుల్లో పచ్చదనం మళ్లీ ముదరడం కనబడింది. దేవ్లి నొసలు చిట్లించి, "ఎందుకనో మళ్ల వస్తుందన్నా," అని ఆయన్నే అడిగింది.

"ఎండలు ముదురుతున్నయి గద," అన్నాడు. అన్నాక పొడి వేయడం మానలేదు. అప్పటి నుంచి అది ముద్దు కోసం కాదని ఆయనకు తెలుసు.

ఏప్రిల్ వచ్చేసరికి ఆయన ఇంకో మెట్టు దిగాడు. ఒకరోజు కిరసనాయిలు అయిపోయి స్టవ్వు వెలగలేదు. దేవ్లి జాడీ కోసం వచ్చి నిలబడింది. సూదిమందుకు దాచిన సీసాలోంచి పోసి ఇవ్వచ్చు. లేదా ఇవాళ లేవని చెప్పచ్చు. వెంకట్రాములు ఆ రెండూ చేయలేదు. "పెట్టిపో, పది నిమిషాలైనంక తీసుకపో," అన్నాడు. ఆమె వెళ్లాక బావి నీళ్లు తోడి జాడీ నింపాడు. మర్నాడు కిరసనాయిలు వచ్చింది. అయినా బావి నీళ్లే నింపాడు. ఆ ఎండల్లో తొట్టిలోంచి రోజూ రెండు జాడీల నీళ్లు ఎగిరిపోయేవి. పదకొండు రోజులు అలాగే ఇచ్చాడు.

పచ్చ పాచి మీద ఈసారి ముదురు ఎరుపు జిగురు పొర పాకింది. రాళ్ల మీద పరిచిన తడిగుడ్డలా, ముట్టుకుంటే ముక్కలుగా లేచేది. చెడు వాసన వచ్చేది. పువ్వులాంటి జీవి పిడికిలిలా ముడుచుకుపోయి, తెరుచుకోవడం మానేసింది. దేవ్లి తొట్టి చుట్టూ తడి గోనెలు కట్టింది, మేత పూర్తిగా ఆపింది, పొద్దంతా పీకింది. ఒక శుక్రవారం పొద్దున రెండు చేపల్లో ఒకటి ఇసుక మీద పక్కకు ఒరిగి కనిపించింది.

వరండాలో పదిహేను మంది రోగులున్నారు. డాక్టరు చేపను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు కోపం రావడం ఎవరూ ఎరగరు. ఆ రోజు వచ్చింది.

"నీకు అప్పజెప్పడం నాదే తప్పు దేవ్లీ. మడిలో కలుపు వేరు, ఇది వేరు. రాకపోతే రాదని చెప్పాలి. దీన్ని ఇట్లా చంపుకోవడానికా ఇంత దూరం నుంచి తెప్పించింది?"

దేవ్లి తల వంచుకుని నిలబడింది. పెదవి విప్పలేదు. చందూలాల్ కూడా అక్కడే ఉన్నాడు. అతను చూపు తిప్పుకున్నాడు.

మందుల కిటికీ వెనక వెంకట్రాములు మిక్చర్ సీసాకు చీటీ అంటిస్తున్నాడు. ఆ క్షణం కోసమే ఇన్నాళ్లుగా ఎదురుచూశాడు. ఇప్పుడు వచ్చింది. లోపల ఏదో తేలికైంది, అది నిజం. ఆ తేలికదనం ఆ చీటీ ఆరేదాకా కూడా నిలవలేదు. ఎందుకంటే దేవ్లి తల ఎత్తి, డాక్టరు వైపు కాకుండా, ఇటు కిటికీ వైపు చూసింది. నేరం మోపే చూపు కాదది. దారిలో ఎదురైన మనిషిని గుర్తుపట్టినట్టు చూసి, మళ్లీ తల దించుకుంది. ఆమెకు తెలుసని వెంకట్రాములుకు అర్థమైంది.

ఆమె ఎందుకు చెప్పలేదు? ఆ ప్రశ్న ఆయన్ని ఆ పూటంతా తినేసింది. చెబితే గొడవపడి, కాదని బుకాయించి, ఆమె మీద ఇంకొంచెం అసూయ పెంచుకుని బతికేవాడు. ఆమె చెప్పకపోవడంతో ఆ దారి మూసుకుపోయింది. ఇందులో కూడా తనకంటే ఆమే పైన నిలబడిందని అనిపించింది. ఒళ్లు మండింది. ఆ మంటతోనే, మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక, డాక్టరు గదిలోకి పోయాడు. దేవ్లి అక్కడ బల్ల తుడుస్తోంది. ఆమె బయటికి పోబోతే, "ఉండు," అన్నాడు.

"సారు, ఆమె తప్పు లేదు. నేను ఆవిరి నీళ్లని చెప్పి బాయి నీళ్లు ఇచ్చిన. అంతకు ముందుకెంచి దొంగతనంగ మేత గూడ ఏసిన."

డాక్టరు చేతిలోని పెన్ను కింద పెట్టాడు. "ఎన్ని రోజులు?"

"నీళ్లు పదకొండు రోజులు. మేత నెల దాటింది."

"ఎందుకు?"

ఎందుకో చెప్పడానికి వెంకట్రాములుకు తెలుగులో ఉన్న మాటలన్నీ చిన్నపిల్లల మాటల్లా అనిపించాయి. "ఓర్వలేక," అన్నాడు చివరికి.

డాక్టరు నెమ్మదిగా అడిగాడు: "ఆవిరి నీళ్లతోనే కదా సూదిమందు కలిపేది?"

అంతసేపూ వెంకట్రాములుకు ఆ ఆలోచనే రాలేదు. "సారు, నా బిడ్డల మీద ఒట్టు. దవా నీళ్లు ముట్టుకోలే. అవి అవే, ఇవి ఇవే."

"చేపల నీళ్లు మార్చినవాడు మనుషుల నీళ్లు మార్చలేదని నేనెట్లా నమ్మాలె?"

పద్నాలుగేళ్ల కొలువు, 'చిన్న డాక్టర్' అన్న పేరు, ఊళ్లవాళ్లు కళ్లు మూసుకుని చాపే చేతులు, అన్నీ ఆ ప్రశ్న ముందు ఏమీ కాకుండా పోయాయి.

అప్పుడు దేవ్లి నోరు విప్పింది. "దవా నీళ్లు మంచిగనే ఉన్నయి సారు. నేను చూసిన."

"నువ్వెట్లా చూశావు?"

"నాలుగొద్దుల కింద జాడీ అడుగున తెల్లటి మరక కనవడ్డది. ఆవిరి నీళ్లు ఎండితే మరక పడది, బాయి నీళ్లకు పడతది. ఇండ్లల్ల బిందెలకు సూస్తం గద. గప్పటి సంది రోజు రెండు పళ్లాలు ఎండవెడుతున్న. ఒకదాంట్ల జాడీ నీళ్లు, ఒకదాంట్ల సూది సీసల నీళ్లు. జాడీ దానికి మరక వచ్చింది. సూది దానికి ఒక్కనాడు గూడ రాలే. అన్న మందు తప్పు కలపడు."

డాక్టరు ఆమెను తేరిపార చూశాడు. "ఇదంతా తెలిసి, పొద్దున నేను అన్ని మాటలంటే ఊరుకున్నావా?"

"చెప్తె ఈయన్ని తీసేస్తరు. ఈయన వోతె సూదులెవలేస్తరు సారు? మా తండాకెంచి వచ్చేటోల్లు ఈయన చెయ్యి మీదనే ధైర్నంగ వస్తరు." చేతిలోని గుడ్డ మడిచి, "నా నీళ్లు నేనే కాసుకుంటనని అడుగుదామనుకున్న. గింతల చేప సచ్చింది," అంది.

డాక్టరు లేచి, ఆమె ముందుకొచ్చి, "పొద్దున అన్నది తప్పు. అందరి ముందు అన్నాను, అందరి ముందే చెబుతాను," అన్నాడు. మర్నాడు వరండాలో చెప్పాడు కూడా. వెంకట్రాములు పేరు ఎత్తలేదు. నీళ్లలో తేడా వచ్చిందని, దేవ్లి పనిలో లోపం లేదని మాత్రం చెప్పాడు. వెంకట్రాములుకు శిక్ష వేరేగా పడింది. సూదిమందు నీళ్ల సీసా మీద ఆ రోజు నుంచి డాక్టరు తారీకు రాసి సంతకం పెట్టేవాడు. ఎనిమిది నెలలు అలా సంతకం పెట్టాడు. కోపంగా ఒక్క మాట అనలేదు. ఆ సంతకాన్ని చూసినప్పుడల్లా వెంకట్రాములు చెవులు ఎర్రబడేవి.

తొట్టిని బతికించడం ఒక్కరోజులో అయ్యే పని కాలేదు. బొంబాయి నుంచి కొత్త నీళ్లు తెప్పించి సగం మార్చారు. ఎర్ర జిగురును గొట్టంతో పీల్చి పారేశారు. మూడు రోజులు దుప్పటి కప్పి చీకటి చేశారు. పాచి మేసే చిన్న నత్తలు పది వచ్చాయి. దేవ్లి వాటిని వేలి మీద ఎక్కించుకుని, ఎక్కువ పచ్చగా ఉన్న రాళ్ల మీద ఒక్కొక్కటిగా వదిలేది. నీళ్లు కాచేది ఇప్పుడు ఇద్దరూ కలిసి. స్టవ్వు ముందు ఆమె పీట మీద, ఆయన డబ్బా మీద కూర్చునేవాళ్లు. మొదట్లో మాటలు ఉండేవి కావు. చుక్కలు పడటం చూసేవాళ్లు. వానలు దిగేనాటికి పువ్వులాంటి జీవి రేకలు విప్పింది. దసరా నాటికి రాళ్ల మీద పాచి ఉన్న చోట గులాబీ రంగు గట్టి పొర ఎక్కింది. అది మంచి గుర్తన్నాడు డాక్టరు. మిగిలిన చేప ఒంటరిగా ఆ పువ్వులాంటి జీవి నీడలో తిరిగేది.

వెంకట్రాములు మారిపోయాడని చెప్పడానికి లేదు. జూనియర్ కాలేజీ లెక్చరరు పిల్లలను వెంటబెట్టుకొచ్చి, దేవ్లి చేత పాచి సంగతి చెప్పించి, వాళ్ల చేత రాయించుకున్న రోజున ఆయన వెనక గదిలోకి పోయి, కడిగిన సీసాలనే మళ్లీ కడిగాడు. కాకపోతే ఆ మంట లేచినప్పుడు, దాని పేరు ఓర్వలేనితనమని ఇప్పుడు తెలిసింది. పేరు తెలిశాక, అది చేతిదాకా రాకుండా లోపలే ఉంచుకోవడం కొంచెం కొంచెంగా వచ్చింది.

1985లో డాక్టరు మాట సాయంతో దేవ్లికి ఇంకో ఊళ్లో పెద్ద దవాఖానలో ఆయా కొలువు దొరికింది. తొట్టి మళ్లీ వెంకట్రాములు చేతికి వచ్చింది. రెండేళ్ల కింద అయితే ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు పొద్దున్నే గాజు గొట్టం తేలేస్తూ, ఎవరైనా బాగుందంటే బాగుండుననుకునేవాడు. అన్నప్పుడు, "దేవ్లి నేర్పింది," అని ఒకసారి చెప్పేవాడు, ఇంకోసారి చెప్పకుండా ఊరుకునేవాడు.

ఆమె వెళ్లిన ఏడాదికి, ఒక ఆదివారం బస్సు దిగి దవాఖానకు వచ్చింది. పెద్ద దవాఖాన ఆయాలు కట్టే తెల్ల చీర కట్టుకుంది. జేత్యా అనే తండా మనిషి కాలి పుండుకు వెంకట్రాములు కట్టు కడుతున్నాడు. వరండాలో ఉన్నవాళ్లంతా లేచి ఆమె చుట్టూ చేరారు. జేత్యా కూడా కట్టు సగంలోనే అటు తిరిగి, నవ్వుతూ తన భాషలో పలకరించాడు. వెంకట్రాములు కట్టు గుడ్డ కొస బిగించి పట్టుకున్నాడు. "కాలు కదపకు," అన్నాడు గట్టిగా. కట్టు పూర్తి చేసి, ముడి వేసి, చేతులు కడుక్కుని వచ్చాడు.

దేవ్లి తొట్టిని అటూ ఇటూ చూసి, మంచిగుందంది. తర్వాత గొంతు తగ్గించింది. "అన్నా, నీతోని ఒక మాట. ఆ దవాఖానల ఒక కంపౌండర్ ఉన్నడు. పుండ్లకు కట్టే పట్టీలు ఉడకవెట్టే పని డాక్టరమ్మ నాకు చెప్పింది. అంతకు ముందు అది ఆయన చేస్తుండె. గప్పటికెంచి నేనేం చేసినా వంకలు వెడుతుండు. నిన్న స్టవ్వు గది తాళంచెవి దాచిండు. డాక్టరమ్మకు చెప్పుమంటవా?"

ఆ కంపౌండరు ముఖం వెంకట్రాములు ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ మనిషి ఇవాళ పొద్దున ఏం తిన్నాడో, ఎటు చూస్తూ కూర్చున్నాడో కళ్ల ముందు కనబడింది.

"చెప్పకు," అన్నాడు. "ముందుగాల ఆయన్ని అడుగు. నీకు వచ్చిన పనే అయినా, ఎంతసేపు ఉడకవెట్టాలె అన్నా అని అడుగు. నలుగురు ఉన్నప్పుడు అడుగు. ఆయన చెప్పినంక, అన్న చెప్పిండని పది మందితోని అను."

దేవ్లి ఆలోచించింది. "నిన్ను గూడ గట్ల అడిగి ఉంటే ఐపోవునా?"

వెంకట్రాములు తొట్టి గాజు మీద ఉన్న చిన్న పచ్చ చుక్కను గోటితో గీకాడు. అబద్ధం చెప్పడం తేలికే. చెప్పాలనిపించలేదు.

"ఏమో. అడిగినా కుళ్లుకునేటోన్నే," అన్నాడు. "కానీ నీళ్లు మార్చకపోతుంటి."

దేవ్లి నవ్వింది. చాయ్ తాగుదాం పద అంది. చందూలాల్ హోటలు దాకా ఇద్దరూ నడిచి వెళ్లారు. దారిలో ముగ్గురు ఆపి ఆమెను పలకరించారు. మూడుసార్లూ వెంకట్రాములు పక్కన నిలబడి, వాళ్ల మాటలయ్యేదాకా ఆగాడు.